వ్రాతకు యజమాని ఎవరు? తాటాకు నుండి అంతర్జాలం వరకు

జనగామ జిల్లా పాలకుర్తి మండలంలో బమ్మెర అనే గ్రామం ఉన్నది. పదునైదవ శతాబ్దంలో భాగవతాన్ని తెనిగించిన పోతన ఆ ఊరివాడు. ఆయనను గురించి తెలుగునాట ఒక కథ వాడుకలో ఉన్నది. రాచకొండ నేలిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఆ గ్రంథాన్ని తనకు అంకితమిమ్మని కోరినాడట. పోతన అందుకు ఒప్పుకొనక శ్రీరామునికే అంకితం చేసినాడట. రాజు కోపించి ఆ తాళపత్రాలను నేలలో పాతిపెట్టించగా కొంత భాగం శిథిలమైపోయినదట. ఈ కథలో చరిత్ర ఎంత, కల్పన ఎంత అనేది వేరు మాట. పంచమ స్కంధాన్ని గంగన, షష్ఠ స్కంధాన్ని సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలను నారయ పూరించినారనేది మాత్రం అందరూ అంగీకరించిన విషయం.

ఈ కథను న్యాయశాస్త్ర దృష్టితో చూచినచో ఒక వింత తోచుతుంది. రాజు అడిగినది పుస్తకాన్ని నకలు తీయించుకొనే హక్కు కాదు. అమ్ముకొనే హక్కు కూడ కాదు. ఆయన కోరినది అంకితం మాత్రమే. కావ్యం వ్రాసినవాడు కృతికర్త. అంకితం పుచ్చుకొన్నవాడు కృతిపతి. పతి అనగా యజమాని. ఆ గౌరవవాచకం వ్రాసినవానికి గాక, పుచ్చుకొన్నవానికే చెల్లినది. ఇక నకళ్ల మాటకు వస్తే, ఎవరి అనుమతీ అక్కరలేకయే ఎవరైనా వ్రాసుకొనవచ్చును. వేలకొలది పద్యాలను గంటంతో తాటాకులమీద వ్రాయడానికి నెలల తరబడి శ్రమ పడవలసి వచ్చేది. నకలు తీయడమే అంత కష్టమైన కాలంలో దొంగ నకళ్ల భయం లేదు. భయం లేని చోట చట్టం పుట్టదు.

2016 అక్టోబరు 11న జనగామ, మహబూబాబాదు, జయశంకర్ భూపాలపల్లి అనే కొత్త జిల్లాలు ఏర్పడినవి. ఈ మూడు పట్టణాలలో నేడు బట్టల దుకాణదారుడు మొదలుకొని ట్యూషన్లు చెప్పే ఉపాధ్యాయుని వరకు ఎందరో చేతిఫోనుతో చిత్రాలు, పాటలు, పాఠాలు కూర్చి అంతర్జాలంలో పెట్టి వ్యాపారం చేసుకొంటున్నారు. నకలు తీయడానికి ఇప్పుడు నెలలు అక్కరలేదు. వ్రేలితో ఒక్కసారి తాకితే చాలును. ఇంకొకరి పాటను వాడుకొన్నందుకు కష్టపడి చేసిన వీడియో తొలగిపోవచ్చును, వ్యాజ్యం కూడ రావచ్చును. తన సరుకు బొమ్మను ఇంకొక వర్తకుడు ఎత్తుకొనిపోయి తన సరుకుదని చూపవచ్చును. చేతికి అందినదంతా వాడుకొనదగినదేనా? ఈ ప్రశ్నకు సమాధానం చట్టం పుట్టుపూర్వోత్తరాలలో ఉన్నది. నకలు తీసే సాధనం మారినప్పుడల్లా చట్టం మారినది. కాని ప్రతి మార్పులోను కర్తకు కొంత, సమాజానికి కొంత అనే పంపకం మాత్రం నిలిచి ఉన్నది.

అచ్చుయంత్రం తెచ్చిన తగాదా

పోతన జీవించిన శతాబ్దంలోనే జర్మనీలో గూటెన్‌బర్గ్ కదిలే అక్షరాలతో అచ్చువేయడం సాగించినాడు. ఒక పుటకు అక్షరాలు పేర్చడం ఎంతో శ్రమ. పేర్చిన తరువాత వంద ప్రతులు తీయడం సులభం. దీనితో పుస్తకం సరుకుగా మారినది. ఒకడు ఖర్చుపెట్టి అచ్చువేసిన పుస్తకాన్ని ఇంకొకడు చూచి అచ్చువేసి తక్కువ ధరకు అమ్మితే మొదటివాడు నష్టపడతాడు.

ఇంగ్లండులో 1557లో రాజశాసనం వలన లండన్ ముద్రాపకుల సంఘానికి అచ్చువేసే అధికారం సంక్రమించినది. ఏ పుస్తకం ఎవరిదో ఆ సంఘం పట్టీలో వ్రాసుకొనేవారు. పట్టీలో ఉండేది అచ్చువేసినవాని పేరు. ప్రభుత్వానికి కూడ ఇది అనుకూలంగా ఉండేది. తనకు గిట్టని పుస్తకాన్ని ఆపడానికి ఆ సంఘమే సాధనమైనది. కృతిపతి స్థానంలో ముద్రాపకుడు కూర్చున్నాడు గాని కృతికర్త స్థితి మారలేదు.

1710లో అమలులోనికి వచ్చిన ఆన్ రాణి శాసనంతో మార్పు వచ్చినది. కొత్త పుస్తకంపై 14 సంవత్సరాలపాటు హక్కు గ్రంథకర్తకు గాని, అతడు వ్రాసియిచ్చినవారికి గాని ఉంటుంది. ఆ గడువు తీరేనాటికి గ్రంథకర్త జీవించియుంటే ఇంకొక 14 సంవత్సరాలు లభిస్తుంది. ఆ శాసనం తన ఉద్దేశం విద్యను ప్రోత్సహించడమని పేరులోనే చెప్పుకొన్నది. కనుక హక్కుతోబాటు హద్దు కూడ పుట్టినది. హక్కు శాశ్వతంగా తమదేనని లండన్ పుస్తక వ్యాపారులు చాలకాలం వాదించినారు. 1774లో డొనాల్డ్‌సన్, బెకెట్ అనేవారి వ్యాజ్యంలో ప్రభువుల సభ ఆ వాదాన్ని త్రోసివేసినది. గడువు తీరిన గ్రంథం అందరి సొత్తు అనే నియమం ఆనాడు స్థిరపడినది.

ఒక దేశంలో ఉన్న హక్కు సరిహద్దు దాటితే చెల్లకపోవడం మరొక చిక్కు. 1886 సెప్టెంబరు 9న స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో కుదిరిన ఒడంబడిక దానిని చాలవరకు తీర్చినది. ఒక సభ్యదేశపు రచనకు మిగిలిన సభ్యదేశాలలో కూడ రక్షణ ఉంటుంది. నేడు జనగామలో పెట్టిన చిత్రాన్ని మరొక ఖండంలో ఎవరైనా వాడుకొంటే ప్రశ్నించగలగడానికి ఆధారం ఇదే.

మన దేశంలో చట్టం

మన దేశంలో ఈ విషయమై మొదటి శాసనం ఈస్టిండియా కంపెనీ పాలనలో 1847లో వెలువడినది. తరువాత బ్రిటిషు వారి 1911 చట్టాన్ని అనుసరించి 1914లో భారత కాపీరైటు చట్టం వచ్చినది. స్వతంత్ర భారతం తన చట్టాన్ని 1957లో చేసుకొన్నది. అది 1958 జనవరి 21 నుండి అమలులోనికి వచ్చినది. పలు సవరణలతో నేటికిని నడుస్తున్నది ఆ చట్టమే.

ఆ చట్టం మొదట కర్త మరణానంతరం 50 సంవత్సరాల వరకు హక్కు నిచ్చినది. రవీంద్రనాథ ఠాగూరు 1941 ఆగస్టు 7న మరణించినారు. ఆయన రచనలపై విశ్వభారతికి ఉన్న హక్కు 1991తో తీరిపోవలసి ఉన్నది. ఆ సందర్భంలోనే గడువును 60 సంవత్సరాలకు పెంచుతూ 1992లో సవరణ చేసినారు. ఒక్క మహాకవి రచనలు దేశంలోని రచనలన్నిటి ఆయువును పది సంవత్సరాలు పెంచినవి.

ఈ హక్కును సంపాదించడానికి దరఖాస్తు అక్కరలేదు. రచన రూపం ధరించిన క్షణంలోనే హక్కు పుట్టుతుంది. రిజిస్ట్రేషను సాక్ష్యానికి ఉపకరిస్తుంది గాని హక్కుకు పుట్టుక కాదు. అయితే ఈ రక్షణ భావానికి గాక, ఆ భావాన్ని వ్యక్తం చేసిన తీరుకే చెందుతుంది. 1978లో ఆర్. జి. ఆనంద్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ భేదాన్ని స్పష్టం చేసినది. నీరు నూరు డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగుతుందనే సత్యం ఎవరిదీ కాదు. దానిని బోధించడానికి ఒక ఉపాధ్యాయుడు వ్రాసిన పాఠం, గీసిన పటం అతనివి.

మూడు జిల్లాలు, మూడు పాఠాలు

ఈ సూత్రాలు ఎట్లు వర్తిస్తవో చూడడానికి దూరం పోనక్కరలేదు.

మొదటిది జనగామ జిల్లా. పోతన భాగవత మూలం అందరి సొత్తు. ఏ వ్యాపారి అయినా దానిని అచ్చువేయవచ్చును, పాడించి అమ్మవచ్చును. కాని నేటి పండితుడొకడు ఆ పద్యాలకు టీక, తాత్పర్యం వ్రాసినచో ఆ టీకకు, తాత్పర్యానికి అతడే యజమాని. ఒక గాయకుడు ఆ పద్యాలను పాడి రికార్డు చేయించినచో ఆ ధ్వనిముద్రణకు 60 సంవత్సరాల రక్షణ ఉన్నది. గాయకునికి తన గానంపై 50 సంవత్సరాల హక్కు వేరుగా ఉన్నది. పద్యం పాతది కనుక ఆ రికార్డును ఎత్తుకొని వ్యాపార ప్రకటన వెనుక వినిపించవచ్చుననుకోవడం పొరపాటు. బావి ఊరందరిది, ఒకడు తోడి తెచ్చుకొన్న కడవ అతనిది.

రెండవది మహబూబాబాదు జిల్లా. దాశరథి కృష్ణమాచార్యులు 1925 జూలై 22న ఈ జిల్లాలోని చినగూడూరులో జన్మించినారు. నిజాము పాలనను ఎదిరించి నిజామాబాదు జైలులో ఉన్నప్పుడు ఆయన బొగ్గుతో గోడమీద పద్యాలు వ్రాసినారు. నేటి చట్టం దృష్టితో ఆ గోడను చూచినచో ఒక ముఖ్యమైన విషయం బోధపడుతుంది. గోడ ప్రభుత్వానిది, పద్యం కవిది. వస్తువుకు యజమాని అయినంతమాత్రాన దానిపై ఉన్న రచనకు యజమాని కాడు. పుస్తకాన్ని కొన్నవానికి ఆ పుస్తకాన్ని చదువుకొనే, ఇంకొకరికి అమ్ముకొనే అధికారం ఉన్నది. దానిని అచ్చువేసి అమ్మే అధికారం లేదు. ఫోనులోనికి వచ్చిన చిత్రం విషయం కూడ ఇంతే.

దాశరథి 1987 నవంబరు 5న మరణించినారు. గడువును మరణించిన మరుసటి సంవత్సరారంభం నుండి లెక్కించవలెను. కావున ఆయన జీవితకాలంలో ప్రచురించిన రచనలపై హక్కు 2047 డిసెంబరు 31 వరకు ఉంటుంది. ఆయన పాటలున్న సినిమాలు 1961 నుండి వెలువడసాగినవి. సినిమా పాటలో సాహిత్యం, స్వరరచన, ధ్వనిముద్రణ అనే మూడు వేరువేరు రచనలున్నవి. ధ్వనిముద్రణకు ప్రచురించిన తరువాత 60 సంవత్సరాలే గడువు గనుక, 1961లో వెలువడిన రికార్డుపై హక్కు 2021 డిసెంబరుతో తీరినది. కాని అందులోని సాహిత్యంపై కవి వారసులకో, వారి వద్ద హక్కు పొందినవారికో 2047 వరకు హక్కు ఉన్నది. స్వరానికి స్వరకర్త ఆయుర్దాయాన్ని బట్టి గడువు వేరు. పాత పాట అనే మాటకు చట్టంలో ఒకే అర్థం లేదనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

మూడవది భూపాలపల్లి జిల్లా. గణపురంలోని కోటగుళ్లు కాకతీయుల కాలపు శిల్పసంపదకు నిలయం. రేగొండ సమీపాన పాండవుల గుట్టలలో ప్రాచీన మానవుడు గీసిన రంగుబొమ్మలున్నవి. ఆ శిల్పికి గాని, ఆ చిత్రకారునికి గాని నేడు కాపీరైటు లేదు. కొత్తగా చెక్కిన విగ్రహమైనా, బహిరంగ స్థలంలో శాశ్వతంగా నిలిపినదైనచో దాని ఫోటో తీసి ప్రచురించడం ఉల్లంఘన కాదని 1957 చట్టం 52వ సెక్షను చెప్పుతున్నది. కాని కోటగుళ్ల శిల్పాన్ని వేకువ వెలుగులో ఒక ఫోటోగ్రాఫరు తీసిన ఫోటో అతని రచన. శిల్పం అందరిది కనుక ఫోటో కూడ అందరిది అనే వాదం చెల్లదు. గుట్ట ఎక్కి తన కెమెరాతో తీసుకొనే స్వేచ్ఛ ప్రతివానికి ఉన్నది. ఇంకొకడు తీసినది ఎత్తుకొనే స్వేచ్ఛ లేదు. రక్షిత కట్టడాలలో సినిమా చిత్రీకరణకు పురావస్తు శాఖ అనుమతి వేరుగా కావలెననేది కూడ వ్యాపారులు గుర్తుంచుకోవలసిన విషయం.

కంప్యూటరు అనే నకలు యంత్రం

తాటాకు కాలంలో చదవడం వేరు, నకలు తీయడం వేరు. అచ్చు కాలంలోను అంతే. కంప్యూటరు ఈ రెండింటిని ఒకటి చేసినది. దీనిని గ్రహించనిదే నేటి చట్టం అర్థం కాదు.

ఒకడు ఫోనులో ఒక పుటను తెరచినాడనుకొందాము. దూరాన ఉన్న కంప్యూటరు ఆ పుటను చిన్న చిన్న పొట్లాలుగా విడదీస్తుంది. ఒక్కొక్క పొట్లంలో సాధారణంగా 1500 బైట్లకు మించని సమాచారం ఉంటుంది. దారిలోని ప్రతి యంత్రం ఆ పొట్లాన్ని క్షణకాలం తన జ్ఞాపకశక్తిలో ఉంచుకొని, నకలును ముందుకు పంపుతుంది. చివరకు ఫోను వానిని వరుసగా పేర్చి మరొక నకలును తయారుచేసి తెరపై చూపుతుంది. అనగా చూడడమే నకలు తీయడం. పాత చట్టాన్ని అక్షరాలా పాటిస్తే చదివిన ప్రతివాడు నేరస్థుడు కావలసి వస్తుంది.

ఈ జాలం అందరికి అందడానికి ఒక ఉదారమైన నిర్ణయం కూడ కారణమైనది. టిమ్ బెర్నర్స్-లీ 1989లో జెనీవా సమీపంలోని సెర్న్ పరిశోధనాలయంలో ప్రపంచవ్యాప్త జాలానికి ప్రతిపాదన చేసినాడు. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ ఆ సాఫ్ట్‌వేరును ప్రజల సొత్తుగా ప్రకటించినది. రుసుము అడిగే హక్కు ఉండియు విడిచిపెట్టినందువలననే దానిపై నేటి వ్యాపారమంతా లేచినది. భారతదేశంలో ప్రజలకు ఇంటర్నెట్టు సదుపాయం 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగం ద్వారా లభించినది.

చట్టం ఈ యంత్రం వెంట నడచినది. కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్య రచనలతో జతచేస్తూ 1984లో సవరణ వచ్చినది. అంతర్జాలంలో రచనల రక్షణకై 1996 డిసెంబరు 20న జెనీవాలో రెండు అంతర్జాతీయ ఒడంబడికలు కుదిరినవి. వానికి అనుగుణంగా మన చట్టాన్ని 2012లో సవరించినారు. 2012 జూన్ 21 నుండి సవరణ అమలులోనికి వచ్చినది. ప్రసారంలో సాంకేతికంగా తప్పనిసరియైన తాత్కాలిక నకలు ఉల్లంఘన కాదని అందులో చేర్చినారు. చదువరికి అభయం లభించినది. తాళం వేసిన డిజిటలు రచనను హక్కులకు భంగం కలిగించే ఉద్దేశంతో ఛేదించడాన్ని నేరం చేసినారు. కర్తకు రక్షణ లభించినది. పాత పంపకమే కొత్త యంత్రానికి అమర్చబడినది.

పెంబర్తి దుకాణం

జనగామకు కొద్ది దూరంలో, హైదరాబాదు నుండి వచ్చే రోడ్డుమీద పెంబర్తి ఉన్నది. ఇత్తడి రేకుపై దేవతామూర్తులను, లతలను తీర్చే విశ్వకర్మల పనికి ఆ ఊరు ప్రసిద్ధి. అక్కడి పనివాడొకడు అంతర్జాలంలో అమ్మకం మొదలుపెట్టినాడనుకొందాము. అతనికి ఎదురయ్యే ప్రశ్నలు ఏ చిన్న వ్యాపారికైనా ఎదురయ్యేవే.

రుసుమిచ్చి ఒక ఫోటోగ్రాఫరుచేత సరుకుల ఫోటోలు తీయించినాడు. వేరే ఒప్పందం లేనప్పుడు ఆ ఫోటోలకు ప్రథమ యజమాని తీయించుకొన్నవాడే అని చట్టం 17వ సెక్షను. వీడియోకు కూడ ఇదే నియమం. కాని రుసుమిచ్చి ఒక రచయితచేత సరుకుల వర్ణన వ్రాయించినాడు. ఇక్కడ నియమం వేరు. ఆ రచయిత జీతగాడు కానిచో హక్కు రచయితదే. వ్రాతపూర్వకంగా పుచ్చుకొంటేనే వర్తకునికి వస్తుంది. జీతగాడు ఉద్యోగధర్మంగా వ్రాసినది మాత్రం, వేరే ఒప్పందం లేకుంటే, యజమానికి చెందుతుంది. డబ్బు చెల్లించినాను గనుక నాదే అనే ధీమా ఒక చోట సరి, మరొక చోట తప్పు.

హక్కును వ్రాసియిచ్చే పత్రం సంతకంతో ఉండవలెను. అందులో గడువు వ్రాయనిచో ఐదు సంవత్సరాలని, ప్రాంతం వ్రాయనిచో భారతదేశమని 19వ సెక్షను ప్రకారం అర్థం చేసుకోవలెను. ఒప్పందం నాటికి పుట్టని మాధ్యమానికి, దానిని ప్రత్యేకంగా పేర్కొంటేనే తప్ప, ఆ ఒప్పందం చెల్లదని 2012 సవరణ చేర్చినది. రేపు ఏ యంత్రం వచ్చునో ఎరుగక సంతకం చేసిన కళాకారునికి ఇది రక్షణ.

ఇక ఆ ఇత్తడి పళ్లెం నమూనా విషయం. డిజైన్ల చట్టం కింద నమోదు చేయదగిన నమూనాను నమోదు చేయక, దాని ప్రకారం యాంత్రిక పద్ధతిలో 50కి మించి వస్తువులు తయారుచేయించినచో ఆ నమూనాపై కాపీరైటు పోతుందని 15వ సెక్షను చెప్పుతున్నది. 2000 సంవత్సరపు డిజైన్ల చట్టం కింద ముందుగా నమోదు చేయించుకోవడం దీనికి మార్గం. ఈ ఒక్క సెక్షను తెలియక తన కల్పనను కోల్పోయే ప్రమాదం పనివానికి ఎప్పుడూ ఉన్నది.

ఊరిపేరుకు కూడ రక్షణ ఉన్నది. 1999లో చేసి 2003 సెప్టెంబరు 15న అమలులోనికి తెచ్చిన భౌగోళిక సూచనల చట్టం కింద పెంబర్తి లోహకళ నమోదైనది. కావున వేరొక చోట అచ్చులో పోతపోసిన వస్తువును పెంబర్తి పని అని అంతర్జాలంలో అమ్మడం ఆ చట్టాన్ని ఉల్లంఘించడమే. కాపీరైటుకు యజమాని సాధారణంగా ఒక వ్యక్తి. ఈ హక్కుకు యజమాని ఒక ఊరి పనితనం.

చట్టం ఇంకొక మేలు కూడ చేసినది. కాపీరైటు వ్యాజ్యాన్ని హక్కుదారు తాను నివసించే, లేక వ్యాపారం చేసే చోటి జిల్లా కోర్టులోనే వేయవచ్చునని 62వ సెక్షను చెప్పుతున్నది. బొమ్మను దొంగిలించినవాడు ఢిల్లీలో ఉన్నంతమాత్రాన పెంబర్తి పనివాడు ఢిల్లీ పోనక్కరలేదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు సాధారణంగా ఆరు నెలల నుండి మూడు సంవత్సరాల వరకు జైలు, 50,000 నుండి 2,00,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చును.

పేరు, పరువు, మధ్యవర్తి

అంతర్జాలంలో దుకాణానికి తలుపు దాని చిరునామా పేరు. ఈ పేరును గురించి సుప్రీంకోర్టు మొదటి ముఖ్యమైన తీర్పు తెలుగువారికి పరిచయమైన ఒక సంస్థ వ్యాజ్యంలోనే వచ్చినది. హైదరాబాదు సత్యం కంప్యూటర్సుకు అనుబంధంగా పుట్టిన సత్యం ఇన్ఫోవే తన పేరులోని అక్షరాలను కలిపి ‘సిఫీ’ అనే పేరు కల్పించుకొని, 1999లో ఆ పేరుతో చిరునామాలు నమోదు చేయించినది. తరువాత మరొక సంస్థ దాదాపు అదే పేరును వాడసాగినది. 2004 మే 6న సుప్రీంకోర్టు, చిరునామా పేరు కేవలం యంత్రానికి దారి చూపే గుర్తు కాదని, వ్యాపారచిహ్నం వలె రక్షణకు అర్హమని తీర్పు చెప్పి సత్యం ఇన్ఫోవే పక్షాన నిలిచినది.

మరి ఇతరులు వ్రాసినదానిని తన యంత్రంలో ఉంచే సంస్థ బాధ్యత ఎంత? దీనికి కూడ తెలుగునాట పుట్టిన వ్యాజ్యం ఒకటి ఉన్నది. హైదరాబాదు ప్రాంతపు విశాక ఇండస్ట్రీస్ ఆస్బెస్టాస్ సిమెంటు రేకులు తయారుచేసే సంస్థ. గూగుల్ చర్చాబృందంలో 2008లో వెలువడిన కొన్ని వ్రాతలు తన పరువుకు భంగకరమని అది సికింద్రాబాదు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేసినది. గూగుల్ ఇండియా తనకు సంబంధం లేదని పైకోర్టులకు పోయినది. 2019 డిసెంబరు 10న సుప్రీంకోర్టు, 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షను సవరణ 2009 అక్టోబరు 27న అమలులోనికి వచ్చినదని, దానికి ముందటి సెక్షను పరువునష్టం నేరానికి రక్షణ నివ్వదని తీర్పు చెప్పి విచారణ సాగనిచ్చినది. వ్రాతలలోని నిజానిజాలను ఆ తీర్పు నిర్ణయించలేదు.

సవరించిన 79వ సెక్షను మధ్యవర్తికి షరతులతో కూడిన రక్షణ ఇస్తున్నది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఆ షరతును వివరించినది. కోర్టు ఉత్తరువో, ప్రభుత్వ ఆదేశమో తెలిసిన తరువాత కూడ తొలగించనిచో రక్షణ పోతుంది. కాపీరైటు విషయంలో పద్ధతి కొంత వేరు. హక్కుదారు వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసినచో తాత్కాలికంగా నిలువ ఉంచే మధ్యవర్తి 36 గంటలలో ఆ నకలును ఆపవలెను. 21 దినాలలో కోర్టు ఉత్తరువు రానిచో తిరిగి అందుబాటులో ఉంచవచ్చును. హక్కుదారుకు త్వరితమైన ఉపశమనం, ఆరోపణకు గురియైనవానికి శాశ్వతమైన నష్టం లేకుండడం, ఈ రెండును ఇందులో ఇమిడి ఉన్నవి.

పాఠశాలకు ఉన్న స్వేచ్ఛ

హక్కుల జాబితా విని ఉపాధ్యాయులు భయపడనక్కరలేదు. సమాజానికి దక్కిన భాగం 52వ సెక్షనులో ఉన్నది. సొంత చదువుకు, పరిశోధనకు, విమర్శకు, వర్తమాన వార్తల నివేదనకు ఉచితమైన మేరకు రచనలను వాడుకొనవచ్చును. బోధన సందర్భంలో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని నకలు తీయడం ఉల్లంఘన కాదు. ఢిల్లీ విశ్వవిద్యాలయ పాఠ్యసంపుటాల జిరాక్సు వ్యాజ్యంలో 2016లో ఢిల్లీ హైకోర్టు ఈ మినహాయింపును విశాలంగా వ్యాఖ్యానించినది.

అయితే తరగతిగదికి, అంగడికి మధ్య గీత ఉన్నది. ఒక ఉపాధ్యాయుడు తన తరగతికై ఒక గ్రంథంలోని పటాన్ని చూపినచో అది బోధన. అదే పటాన్ని తన వీడియోలో ఉంచి, ప్రకటనలతో ఆదాయం గడించినచో ఆ మినహాయింపు అతనిని కాపాడుతుందని నిశ్చింతగా ఉండరాదు. ఆ పటాన్ని తానే గీసుకొనడమో, అడిగి తీసుకొనడమో, స్వేచ్ఛగా వాడుకొనే అనుమతితో కర్తలే విడిచిన పటాలను వెదకి ఆ అనుమతి షరతులను పాటించడమో మంచి పద్ధతి. కర్త పేరు చెప్పడం మర్యాద; కాని పేరు చెప్పినంతమాత్రాన అనుమతి లభించినట్లు కాదు.

మళ్లీ మారిన యంత్రం

ఇప్పుడు నకలు యంత్రం మరొకసారి మారినది. కృత్రిమ మేధ వేల గ్రంథాలను, చిత్రాలను మేసి, వానిలో దేనికీ అచ్చమైన నకలు కాని కొత్త వ్రాతను, కొత్త చిత్రాన్ని పుట్టిస్తున్నది. మేయడమే నకలు తీయడమా? పుట్టినదానికి కర్త ఎవరు? ఇట్టి ప్రశ్నపైననే ఏ.ఎన్.ఐ. వార్తాసంస్థ ఓపెన్ ఏఐ సంస్థపై 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టులో దావా వేసినది. 1710లో లండన్ వర్తకుల మధ్య రేగిన తగాదాకును దీనికిని యంత్రం వేరు. ప్రశ్న మాత్రం ఒక్కటే. శ్రమపడినవానికి ఎంత, సమాజానికి ఎంత?

పెంబర్తి పనివానికి తన బొమ్మపై హక్కు లేకపోతే కొత్త బొమ్మ చేయడానికి ఉత్సాహం ఉండదు. పోతన భాగవతానికి నేటికిని ఒక యజమాని ఉండియుంటే బమ్మెర బడిలోని పిల్లవాడు రుసుము చెల్లించి పద్యం నేర్వవలసి వచ్చేది. ఈ రెండు కీడులను తప్పించడమే ఈ చట్టం మూడు శతాబ్దాలుగా చేస్తున్న ప్రయత్నం. అంతర్జాలంలో ఏదైనా తీసుకొనే ముందు ఇది ఎవరిది, వారి గడువు తీరినదా, చట్టం ఇచ్చిన స్వేచ్ఛలో నా పని ఇముడుతుందా అనే మూడు ప్రశ్నలు వేసుకొన్నవాడు చాలవరకు చిక్కులలో పడడు. సింగభూపాలుని కథలో కృతికర్తకు తోడుగా ఏ చట్టమూ లేదు. తన మాట ఒక్కటే ఉన్నది. నేడు చట్టం ఉన్నది. దానిని తెలుసుకొని వాడుకొనడం పాఠశాల నుండే మొదలు కావలెను.